ఖాళీ గడిలో గుర్తు

ఫిబ్రవరి 4

బుల్లికి,

నన్ను ఈ వీధిలో ఎవరినడిగినా కుట్టు పెద్దమ్మ అంటారు. కాగితాల మీద వేరే పేరుంది కానీ దానితో నన్ను పిలిచినవాళ్లు లేరు కాబట్టి అది ఇక్కడ అనవసరం. వయసు డెబ్బై ఎనిమిది. ఇంట్లో నేను, నా కోడలు, నెలలు నిండుతున్న మనవరాలు ఉంటాం. ముందు గదిలో ఎంబ్రాయిడరీ మిషను, దాని పక్కన కంప్యూటరు ఉంటాయి. నా కొడుకు ఓడల ఇంజన్లు బాగుచేసే పనిలో ఏడాదికి తొమ్మిది నెలలు నీళ్ల మీదే ఉంటాడు కనుక అతన్ని ఇందులో కలపడం లేదు.

ఇదంతా మొదటే ఎందుకు చెబుతోంది ఈవిడ, నాకు తెలియదా అంటావేమో. నేను చెబుతుంటే రాస్తున్నది ఎదురింటి దస్తావేజు లేఖరి గారు. "పేరు, వయసు, నివాసం లేకుండా నా కలం కదలదు అమ్మగారూ, నలభై ఏళ్ల అలవాటు" అన్నారు. ఎప్పుడూ నా ఉత్తరాలు కోడలు రాసేది. కోడలు మంచిది. మంచివాళ్లు రాస్తే నా మాటలు మెత్తబడిపోతాయి. ఈసారి మెత్తబడకూడదని ఇటు వచ్చాను.

నా ఫిర్యాదు ఇది.

మన ఇంట్లో ఎవరు పుట్టినా అమ్మ ఒక గుడ్డకి తీగ అంచు కుట్టేది. రెండు ఆకులు, ఒక మొగ్గ, మళ్లీ రెండు ఆకులు. నాలుగు మూలలూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చేది తీగ, ఎక్కడా దారం తెంపకుండా. నేను పుట్టగానే అలాంటి గుడ్డలోనే పడ్డాను, నువ్వూ అంతే. నా గుడ్డ చిరిగిపోయింది. నీది మిగిలింది. అమ్మ పోయాక అది నీ దగ్గరే ఉండిపోయింది.

ఆకు నాకు వచ్చు. మొగ్గ వచ్చు. మూల రాదు. మూల దగ్గర దారం తెంపకుండా తీగని ఎలా తిప్పిందో ఈ వయసు వచ్చినా పట్టుకోలేకపోయాను. అందుకే ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఆ గుడ్డ ఒక్కసారి ఇవ్వమని అడిగించాను. ఇవ్వనని రాశావు. సరే, అప్పటినుంచి నీకూ నాకూ మాటల్లేవు. అది నేను మర్చిపోలేదు కానీ పక్కన పెట్టాను.

పోయినేడు నా మనవరాలు నీతో మాట్లాడి, కంప్యూటరు మిషనుకి సరిపడేలా ఆ అంచుని ఎక్కించి పంపమని అడిగిందట. నువ్వు ఒప్పుకున్నావట. నా వేళ్లు సూది పట్టడం మానేసి రెండేళ్లయింది కాబట్టి నేనూ ఊరుకున్నాను. జనవరి చివర్లో నీ పెన్‌డ్రైవ్ వచ్చింది. చిటికెన వేలంత ఉంది. అమ్మ అంచు అందులో పడుకుందన్నారు.

తెరిచాం. అంచు లేదు. కంప్యూటరు నిండా చీమలు. నాకు ఏ అక్షరమైనా చీమే, ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ చదువుకున్న నా కోడలికి కూడా అవి చీమలే. "ఇవి ఏ భాషా కాదు అత్తయ్యా" అంది.

మనవరాలికి డాక్టరమ్మ మార్చి ఇరవై అని చెప్పింది. పుట్టే బిడ్డని ఉత్త గుడ్డలో తీసుకోవాల్సి వస్తే దానికి బాధ్యురాలివి నువ్వు. ఇవ్వడం ఇష్టం లేకపోతే అప్పటిలాగే ఇవ్వనని చెప్పేస్తే సరిపోయేది. ఇచ్చినట్టే ఇచ్చి చీమల్ని పంపడం ఏం మర్యాదో నువ్వే చెప్పు.

నీ అక్క
గుర్తు: × (రెండు గీతలు, ఒకదాని మీద ఒకటి, కుట్టు వేసినట్టు)
సాక్షి: దస్తావేజు లేఖరి


ఫిబ్రవరి 12

అక్కా,

నీ దస్తావేజు అందింది. ముప్పై నాలుగేళ్లు సర్వే ఆఫీసులో పటాలు గీశాను. హద్దులు ఇంత స్పష్టంగా పెట్టిన తిట్టు ఎప్పుడూ చూడలేదు. లేఖరి గారికి నా అభినందనలు.

ఫోను చేద్దామనుకున్నాను. నా చెవిమిషను ఫోను దగ్గర పెడితే ఈల వేస్తుంది, నువ్వేమో ఒక మాట రెండోసారి అడిగితే పెట్టేస్తావు. కాబట్టి కాగితమే నయం.

అసలు ఆ గుడ్డని పోస్టులో పంపకుండా ఎందుకు ఇంత తిప్పలు పడ్డానో నీకు తెలియాలి. అది ఇప్పుడు ఉల్లిపొర లాగా ఉంది. మడతపెడితే మడత దగ్గర విరుగుతుంది. ఒక అద్దం పలక మీద పరిచి, భూతద్దం కట్టుకుని, ముందు పక్క చూసి, తర్వాత పలకతో సహా తిప్పి వెనక పక్క చూశాను. ముందు నుంచి చూస్తే ఆకులే కనబడతాయి. దారం ఎటు నుంచి ఎటు వెళ్లిందో వెనకనే తెలుస్తుంది. ఒక్కొక్క కుట్టూ ఎక్కడ దిగిందో, దాని తర్వాతది ఎక్కడ లేచిందో, అదే వరసలో కంప్యూటరులో పెట్టాను. పదకొండు వేల రెండు వందల నలభై కుట్లు. నాలుగు నెలలు పట్టింది. మధ్యలో కళ్లద్దాలు మార్చాను.

ఇక్కడ నా దగ్గర ఆ ఫైలు శుభ్రంగా తెరుచుకుంటోంది. నీ ఉత్తరం చదివాక మళ్లీ తెరిచి చూశాను. ఆకులు, మొగ్గలు, నాలుగు మూలలు, అన్నీ ఉన్నాయి. ఒక్క చీమ కూడా లేదు. అంటే ఏం జరిగినా నీ ఇంటికి వచ్చాకే జరిగింది.

అయినా అదే ఫైలు ఇంకో పెన్‌డ్రైవ్‌లో మళ్లీ పంపుతున్నాను. నా మాట మీద నమ్మకం లేదు కాబట్టి అంచు బొమ్మ కూడా కాగితం మీద అచ్చు తీసి పెట్టాను. చూసుకో.

ఒక్క మాట. ఆ ముప్పై ఒక్క ఏళ్ల సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి అంటున్నాను. ఆ ఉత్తరానికి జవాబు రాయించనిది నువ్వు. నేను కాదు. ఒక వేసవంతా పోస్టాయన గంట వినబడినప్పుడల్లా గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను.

మనవరాలిని మెట్లు ఎక్కనివ్వకు.

బుల్లి


ఫిబ్రవరి 21

బుల్లికి,

పైన చెప్పిన పేరు, పైన చెప్పిన వయసు, అదే ఇల్లు. లేఖరి గారు ఈసారి ఇంతటితో ఒప్పుకున్నారు.

నీ రెండో పెన్‌డ్రైవ్ కూడా వచ్చింది. అందులోనూ చీమలే. మొదటి వాటి తోబుట్టువులు.

కాగితం మీద బొమ్మ బాగుంది. గోడకి అంటించుకోవచ్చు. మూల దగ్గర ఆకు పక్కన ఆకు కనబడుతోంది, దారం కనబడటం లేదు. ముందు నుంచి చూస్తే తెలియదని నువ్వే రాశావు, ముందు నుంచి తీసిన బొమ్మ నువ్వే పంపావు. నీ దగ్గర తెరుచుకుంటోందని దీనితో రుజువైంది. నీ దగ్గర తెరుచుకుని నా దగ్గర తెరుచుకోనిదాన్ని ఏమంటారు? మా వీధిలో అయితే తాళం వేసి పంపడం అంటారు.

ఇంకో ఘోరం విను. నీ పెన్‌డ్రైవ్ పెట్టినప్పటి నుంచి నా కోడలు సొంతంగా చేసుకున్న డిజైన్లన్నీ కూడా చెడిపోయాయి. నెమళ్లు, పూలు, బడిపిల్లల జేబు మీద వేసే ముద్రలు, మొత్తం రెండు వందల పైచిలుకు. ఒక్కొక్క డిజైను పక్కనా దారపు ఉండ బొమ్మ ఉండేది. ఇప్పుడు అన్నింటికీ ఆ ఉండ పోయి గీతల కాగితం బొమ్మ వచ్చింది. దేన్ని తెరిచినా చీమలే. ఒక చేనులో పడ్డ తెగులు పక్క చేలోకి పాకినట్టు పాకింది. ఆ తెగులు నీ ఇంటి నుంచి వచ్చింది.

కంప్యూటరు బాగుచేసే ఆయన జనవరిలోనే వచ్చి, లోపలంతా తుడిచి, అన్నీ కొత్తగా ఎక్కించి వెళ్లాడు. ఇప్పుడు ఏదో ఊరు వెళ్లాడట, నెల దాకా రాడు. ఫోనులో "వైరస్ అయ్యుంటుంది, ముట్టుకోకండి" అన్నాడు. అప్పటి నుంచి కోడలు దాని మీద దుప్పటి కప్పింది. ఆ కంప్యూటరు పక్కన కూచుని నా మనవరాలు పాత చీర ఒకటి చింపి చదరంగా కత్తిరించి పెట్టుకుంది. అంచు లేని చదరం. దాన్ని చూస్తుంటే నాకు అన్నం దిగడం లేదు.

ఇంటికి వచ్చాకే ఏదో జరిగిందన్నావు. ప్రమాణం చేసి చెబుతున్నాను, రాయండి లేఖరి గారూ. ఈ ఇంట్లో ఎవరూ ఏమీ చెయ్యలేదు. పెన్‌డ్రైవ్ వచ్చిన రోజు కోడలు దాన్ని కంప్యూటరుకి తగిలించి, మనవరాలిని తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. వాళ్లు తిరిగి వచ్చేదాకా ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. చదువు రాని ముసలిదాన్ని. చదువు రానివాళ్లు కంప్యూటరుని ఏం చెయ్యగలరు?

జవాబు రాయించలేదన్నావు. ఇవ్వనన్న మనిషికి జవాబు ఏముంటుంది? సంతోషం అని రాయించనా?

రెండు పెన్‌డ్రైవ్‌లూ ఈ ఉత్తరంతో తిప్పి పంపుదామనుకున్నాను. కోడలు దాచేసింది. ఎక్కడ దాచిందో చెప్పడం లేదు.

నీ అక్క
గుర్తు: ×
సాక్షి: దస్తావేజు లేఖరి


మార్చి 1

అక్కా,

దుప్పటి తీయించు. వైరస్ లేదు, తెగులు లేదు, తాళం లేదు. కోడలి రెండు వందల డిజైన్లూ ఉన్నాయి, అమ్మ అంచూ ఉంది. దారపు ఉండ పోయి కాగితం బొమ్మ వచ్చిందన్నావు చూడు, ఆ ఒక్క ముక్కతో నాకు అర్థమైంది. అది ముందే రాయిస్తే ఇన్ని తిట్లు మిగిలేవి.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. ఇప్పుడు ఈ ఉత్తరం లేఖరి గారి చేతిలో ఉంటుంది కదా. ఒక్కసారి నీ చేతిలోకి తీసుకో. ఏం కనబడుతోంది? చీమలు. మళ్లీ ఆయనకివ్వు. ఇప్పుడు నేను మాట్లాడుతున్నాను. ఉత్తరం ఏమైనా మారిందా? చదివే మనిషి మారాడు, అంతే.

కంప్యూటరులో ఫైలు కూడా అంతే అక్కా. దానంతటది ఏమీ మాట్లాడదు. దాన్ని ఏదో ఒక ప్రోగ్రాము చేతికి ఇవ్వాలి. దారపు ఉండ బొమ్మ ఉన్న ప్రోగ్రాముకి కుట్లు చదవడం వచ్చు. కాగితం బొమ్మ ఉన్న ప్రోగ్రాముకి అక్షరాలు చదవడం మాత్రమే వచ్చు. అది మంచిదే, చెడ్డది కాదు, కానీ దాని చేతికి కుట్లు ఇస్తే పాపం వాటినీ అక్షరాలనుకుని చదవబోయి చీమల్ని కక్కుతుంది. మీ కంప్యూటరు ఇప్పుడు కుట్ల ఫైలు ఏది వచ్చినా ఆ కాగితం ప్రోగ్రాము చేతికే ఇస్తోంది.

అలా ఎందుకు ఇస్తోందంటే, ఎవరో ఇమ్మన్నారు. బాగుచేసే ఆయన అన్నీ తుడిచి కొత్తగా ఎక్కించాడన్నావు. అలా చేసినప్పుడు మొదటిసారి ఫైలు తెరవగానే కంప్యూటరు అడుగుతుంది, దీన్ని దేనితో తెరవమంటారు అని. నాలుగైదు బొమ్మలు వరసగా చూపిస్తుంది. వాటి కింద ఒక చిన్న ఖాళీ గడి ఉంటుంది. దాని పక్కన "ఎప్పుడూ దీనితోనే తెరువు" అని రాసి ఉంటుంది. గడి ఖాళీగా వదిలేస్తే ఆ ఒక్కసారికే. గడిలో గుర్తు పెడితే ఇక ప్రతిసారీ. మళ్లీ అడగదు.

ఆ గడిలో ఎవరో గుర్తు పెట్టారక్కా. నేను ఎవరినీ అనడం లేదు. అడుగుతున్నానంతే.

కోడలికి చెప్పు. ఫైలు మీద బాణం పెట్టి మౌసు కుడివైపు మీట నొక్కితే ఒక పట్టీ వస్తుంది. అందులో "దీనితో తెరువు" అన్నదాని మీదకి వెళ్లి, చివర ఉన్న "వేరే ప్రోగ్రాము ఎంచుకో" అన్నది నొక్కాలి. దారపు ఉండ బొమ్మని ఎంచి, ఇప్పుడు ఆ గడిలో గుర్తు పెట్టి, సరే అనాలి. రెండు వందల డిజైన్లూ ఒక్కసారిగా ఉండలు కట్టుకుని తిరిగొస్తాయి.

ఇక రెండో సంగతి. నేను "ఇవ్వను" అన్నానని నువ్వు మూడుసార్లు రాయించావు. ఆ మాట నేను రాశాను. కానీ నేను రాసింది ఆ ఒక్క మాట కాదు. మిగతాది ఏమిటో ఇప్పుడు చెప్పను. చెబితే ఇప్పుడు కల్పించానంటావు, నీ సంగతి నాకు తెలియదా. ఆ కాగితం ఉంటే తీసి మళ్లీ చదివించుకో. చివరిదాకా చదివే మనిషితో.

బుల్లి


మార్చి 8

బుల్లికి,

పేరు మొదలైనవి పైవిధంగానే.

తెరుచుకుంది. కోడలు నువ్వు చెప్పినట్టే చేసింది. ఉండలన్నీ తిరిగొచ్చాయి. అమ్మ అంచు తెర మీద కనబడింది. మనవరాలు చప్పట్లు కొట్టింది, డాక్టరమ్మ ఎగరవద్దంది కాబట్టి కూచునే కొట్టింది. దారం ఎక్కించి నిన్న మొదలుపెట్టాం. మిషను నిదానంగా, రోజుకి కాసేపే నడిపిస్తున్నాం. బట్ట పాత చీరది, మెత్తగా ఉంది, జోరు పెంచితే ముడుచుకుంటోంది.

గడిలో గుర్తు ఎవరు పెట్టారన్నది విచారణలో ఉంది.

నువ్వడిగిన కాగితం ఉంది. కానీ పనిలో ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా అది నా మిషను బల్ల ఎడమకాలి కింద ఎనిమిది మడతల్లో ఉంది. అప్పట్లో కోపంలో పెట్టాను, సరిగ్గా సరిపోయింది. దాన్ని తీస్తే బల్ల ఊగుతుంది. బల్ల ఊగితే అంచు వంకర పోతుంది. కాబట్టి నాలుగో మూల పూర్తయ్యేదాకా దాన్ని కదిలించే ప్రశ్న లేదు.

నీ అక్క
గుర్తు: ×
సాక్షి: దస్తావేజు లేఖరి

లేఖరి మనవి: అమ్మగారు చెప్పింది చెప్పినట్టు రాయడం నా వృత్తి, సొంత మాట చేర్చడం నా అలవాటు కాదు. అయినా తమరి మార్చి ఒకటో తేదీ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు, ఖాళీ గడి గురించిన ముక్క రాగానే, అమ్మగారు మంచినీళ్లు అడిగారని, తర్వాత ఆ ముక్కని మళ్లీ రెండుసార్లు చదివించుకున్నారని సాక్షిగా తెలియజేయడం ధర్మమనిపించింది. ఈ మనవి సంగతి అమ్మగారికి తెలియదు.


మార్చి 14

అక్కా,

నా ఉత్తరం బల్ల కాలి కింద పెట్టావా.

మొదట కోపం వచ్చింది. గిన్నెలన్నీ ఒకసారి అటు తీసి ఇటు సర్దాను. తర్వాత ఆలోచిస్తే, ముప్పై ఒక్క ఏళ్లుగా నీ ఇంట్లో నా మాట మీద ఏదో ఒకటి ఊగకుండా నిలబడింది కదా అనిపించింది. నీ దగ్గర నా మాట ఇంతకంటే ఎక్కువ చెల్లుబాటయింది ఎప్పుడు కనుక.

అంచు పూర్తయ్యేదాకా తీయొద్దు. నువ్వన్నది నిజమే, బల్ల ఊగకూడదు. పటాల బల్ల ఊగితే ఒక ఊరే పక్కకి జరిగిపోతుంది, నాకు తెలుసు.

పూర్తయ్యాక మాత్రం తీయి. విచారణ కూడా తొందరగా ముగించు.

లేఖరి గారికి నమస్కారాలు. ఎందుకో ఆయనకి తెలుసు.

బుల్లి


మార్చి 26

బుల్లికి,

నన్ను కుట్టు పెద్దమ్మ అంటారు. వయసు డెబ్బై ఎనిమిది. ఇంట్లో నేను, కోడలు, మనవరాలు, మార్చి పంతొమ్మిది మధ్యాహ్నం నుంచి ఇంకో ఆడమనిషి. పేరు పెట్టలేదు. బరువు మూడు కిలోలకి కాస్త తక్కువ. గొంతు నాది అంటోంది కోడలు, అది పొగడ్తో కాదో తేల్చలేదు. బిడ్డని అంచు గుడ్డలోనే తీసుకున్నాం. అంచు అంతకు రెండు రోజుల ముందే పూర్తయింది.

మూల సంగతి చెప్పాలి. మిషను మొదటి మూల దగ్గరికి వచ్చినప్పుడు నేను కుర్చీ లాక్కుని సూది దగ్గర మొహం పెట్టి కూచున్నాను. "కంట్లో గుచ్చుకుంటుంది అత్తయ్యా, వెనక్కి జరగండి" అని కోడలు అంటూనే ఉంది. ఇన్నేళ్లు నేను మూల దగ్గర తీగని ముందుకే తిప్పబోయాను. ముందుకు వెళ్లే దారి లేదక్కడ. అమ్మ ముందుకు వెళ్లలేదు. వెనక్కి వచ్చింది. చివరి ఆకు మీదుగా, వేసిన కుట్ల కిందుగా, మొగ్గ దాకా తిరిగి వచ్చి, అక్కడి నుంచి కొత్త వైపుకి బయల్దేరింది. ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఆకు కొంచెం మందంగా కనబడుతుంది, అంతే. ఆ మందాన్ని నేను చిన్నప్పటి నుంచి వేలితో తడిమాను, దారం నాసిదనుకున్నాను.

ఇప్పుడు విచారణ. ముగిసింది. లేఖరి గారూ, ఇది నేను చెప్పిన మాటల్లోనే రాయండి, బాగుచెయ్యకండి.

ఆ గడిలో గుర్తు పెట్టింది నేను.

వాళ్లు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాక నాకు ఆగబుద్ధి కాలేదు. కోడలు ఎలా నొక్కుతుందో రోజూ చూస్తూనే ఉన్నాను, టకటకా రెండుసార్లు. నేనూ నొక్కాను. తెర మీద నాలుగు బొమ్మలు వచ్చాయి. దారపు ఉండ ఉంది, కాగితం ఉంది, మిగతా రెండూ ఏమిటో తెలియదు. నీ దగ్గర నుంచి వచ్చింది కదా, నువ్వెప్పుడు ఏం పంపినా కాగితమే పంపేదానివి కదా అని కాగితాన్ని నొక్కాను. కింద చిన్న ఖాళీ గడి కనబడింది.

బుల్లీ, నా జన్మలో నా ముందుకు వచ్చిన ప్రతి కాగితానికీ చివర ఒక ఖాళీ గడి ఉండేది. ఇంటి కాగితం, ఆసుపత్రి కాగితం, మా ఆయన పోయినప్పటి కాగితం, ఏదైనా సరే. పైనున్న చీమలన్నీ వేరేవాళ్ల పని. గడి నా పని. ఇక్కడ పెట్టమ్మా అంటే పెట్టేదాన్ని. కంప్యూటరు కూడా మర్యాదగా గడి చూపించి ఆగింది. గుర్తు పెట్టకపోతే పెద్దరికం కాదనిపించింది. నొక్కాను. నా గుర్తు పడలేదు, ఒంటి కొక్కెం లాంటిదేదో పడింది. దానికి నా చెయ్యి కొత్త కదా అనుకున్నాను. తర్వాత చీమలు వచ్చాయి. ఎలా మూయాలో తెలియక కుర్చీ అటు తిప్పుకుని కూచున్నాను. ఆ తర్వాత జరిగిందంతా నీకు తెలుసు, అందులో తిట్లన్నీ నావే. కోడలికి నిన్న చెప్పాను. కాసేపు నవ్వి, తర్వాత దుప్పటి కప్పి ఉంచిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టి, నవ్వడం ఆపింది.

అక్కడ "ఎప్పుడూ" అని రాసి ఉందని తెలిస్తే నేను పెట్టేదాన్ని కాదు.

ఇప్పుడు బల్ల సంగతి. నిన్న నీ ఉత్తరాన్ని తీయించాం. బల్ల పట్టుకోవడానికి ఒకవైపు కోడలు, ఒకవైపు పక్క వాటాలో ఉండే నర్సు. కాగితం మడతల దగ్గర ముక్కలైంది, కాలు ఆనిన చోట గుండ్రంగా నలిగింది. లేఖరి గారు ముక్కలన్నీ తన బల్ల మీద వరసగా పేర్చి, కళ్లజోడు తుడుచుకుని చదివారు. ఇలా ఉంది:

"అక్కా, అమ్మ గుడ్డ నా దగ్గరే ఉంది. ఇవ్వను. నువ్వు స్వయంగా వస్తే తప్ప ఎవరి చేతికీ ఇవ్వను. పోస్టులో పంపను, బావగారితో కూడా పంపను. ఆ వంకనైనా వచ్చి నాలుగు రోజులుండు. కిటికీ పక్కన నీకు మంచం వేయించాను. అమ్మ పోయాక ఈ ఇంట్లో నాకు" అని, అక్కడ నాలుగు మాటలు కాలి కింద నలిగిపోయాయి. అవి ఏమై ఉంటాయండీ అని అడిగితే, కనబడనిది చదవడం తన వృత్తి కాదన్నారు లేఖరి గారు. దాని తర్వాత "ఎప్పుడు వస్తావో రాయించు" అని ఉంది.

అప్పట్లో నా ఉత్తరాలన్నీ మా ఆయనే చదివేవాడు. వేరే ఎవరినీ అడగాలని నాకు తోచలేదు. ఆయన చెడ్డవాడు కాదు. దేన్నైనా మొదటి రెండు ముక్కలు చదివి, మిగతాది తెలిసిందేగా అనే మనిషి. బస్సు బోర్డు కూడా అలాగే చదివేవాడు, మేం చాలా ఊళ్లు అలా చూశాం. ఆ రోజు గుమ్మంలో నిలబడి "గుడ్డ దాని దగ్గరే ఉందట. ఇవ్వదట" అన్నాడు. మడిచి నా చేతిలో పెట్టాడు. నేను బల్ల కింద పెట్టాను. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది, ఇప్పుడు ఎవరినని అడుగుతాం.

నీ మీద పెట్టిన ఫిర్యాదు మొత్తం వెనక్కి తీసుకుంటున్నాను. చీమలు, తాళం, తెగులు, అన్నీ.

ఇక మీదట నీ ఉత్తరం వస్తే ఒకసారి కోడలితో, ఒకసారి లేఖరి గారితో చదివించుకుంటాను. ఇద్దరూ ఒకటే చదివితే నమ్ముతాను. ఎప్పుడూ ఒకరే అని ఎవరికీ రాసివ్వను.

బల్ల ఊగుతోంది. కోడలు ఒక అట్టముక్క తెచ్చింది. వద్దన్నాను. మిషనుకి ఎలాగూ పది రోజులు సెలవిచ్చాం.

లేఖరి గారు ఈ కాగితం చివర ఎప్పటిలాగే గడి గీసి, వేలు పెట్టి చూపించారు. ఇన్నేళ్లలో మొదటిసారి, పక్కన ఏం రాశారో చదవండి అన్నాను. చదివారు. చివరిదాకా చదవండి అన్నాను. "చివరిదాకానే చదివానండీ, ఇంక లేదు" అన్నారు. అప్పుడు పెట్టాను. పక్కన రాసింది ఇది:

నీ ఉత్తరం నిన్ననే అందింది. వచ్చే సోమవారం ఉదయం బండికి బయల్దేరుతున్నాను. మంచం కిటికీ పక్కనే ఉండనీ. గుడ్డ ఎవరి చేతికీ ఇవ్వకు.

గుర్తు: ×

సాక్షులు:
దస్తావేజు లేఖరి, ఎదురిల్లు
నర్సు, పక్క వాటా (మేం తిరిగొచ్చేదాకా తల్లినీ బిడ్డనీ చూసుకునేది కూడా తనే)
కోడలు (బండిలో తోడు కూడా తనే)